కాలి కింద బ్రేకు వణికినప్పుడు

హైదరాబాదులో తిరిగిన పాత స్పోర్ట్స్ కార్లలో నా చెయ్యి పడనిది ఒక్కటి కూడా లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు సీట్ల బండ్లు, ఇటలీ బండ్లు, నవాబుల మోటరుఖానాల్లో దుమ్ము పట్టి పడివున్నవి, అన్నీ నాచారంలో నా రేకుల షెడ్డుకు వచ్చి బాగుపడి పోయినవే. కళ్లకు గుడ్డ కట్టి డ్రైవరు సీట్లో కూర్చోబెడితే, అర కిలోమీటరు నడిపి, బండికి ఏం రోగమో చెప్పి దిగేవాణ్ణి. ఉప్పల్ చౌరస్తాలో నిలబడి సత్తయ్య మిస్త్రీ ఎక్కడ అని అడిగితే బస్సు కండక్టర్లు కూడా దారి చూపించేవారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షెడ్డు ఎప్పుడు పెట్టాను, ఎవరు శాలువా కప్పారు, కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాను అనేవి రాయను. వాటితో మీకు పని లేదు. నాకు పని నేర్పిన ఉస్తాదు గురించి, ఒకే మనిషికి చెందిన రెండు బండ్ల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. తప్పు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది. ఓపిక పట్టండి.

ఉస్తాదు

మాది ఆలేరు దగ్గర పల్లె. హబ్సిగూడలో ఖాదర్ ఉస్తాదు షెడ్డులో చేరేనాటికి నాకు పెళ్లయింది, ట్రాక్టర్లు విప్పి బిగించడం వచ్చు, కాబట్టి అన్నీ వచ్చనే అనుకునేవాణ్ణి. ఆయన మొదటి నెల నన్ను పానా ముట్టనివ్వలేదు. ఏ బండి వచ్చినా, "చెప్పులు ఇడ్సి కూసో" అనేవాడు. ముందు ఉత్త కాళ్లతో నడిపి రావాలి. బానెట్ ఎత్తడం తర్వాత.

ఎందుకని ఒకసారి అడిగాను.

"ఓనరు నోటితోని జెప్తడు. గాయన యాది మర్సిపోతడు, లేకుంటే దాస్తడు. పెడలు దాయదు" అన్నాడు.

నిజమే. పాత బండి అరికాలికి అన్నీ చెప్పేది. డ్రమ్ము గుండ్రం తప్పితే బ్రేకు పెడలు తిరిగి తన్నేది. క్లచ్చి వైరు పోగులు తెగుతుంటే గరగరమనేది. చక్రం బేరింగు అరిగితే కాళ్ల కింద రేకులోంచి సన్నటి మూలుగు వచ్చేది. రెండేళ్లలో నా కాళ్లకు ఆ చదువు వచ్చింది. నాకు వచ్చిన చదువు అదొక్కటే.

ఉస్తాదు నేర్పబోయిన రెండో సంగతి మాత్రం నేను నేర్చుకోలేదు. కార్బురేటరు లేని కొత్త రకం బండి ఒకటి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన బానెట్ ఎత్తి, లోపల వైర్లన్నీ చాలాసేపు చూసి, మళ్లీ మెల్లగా మూసి, "ఇది నాకు రాదు సాబ్, వచ్చినోళ్ల దగ్గరికి తీస్కపోండి" అన్నాడు. షెడ్డులో అందరి ముందూ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బండి వెళ్లిపోయాక, "అట్ల ఎందుకన్నరు ఉస్తాద్, ఏదో ఒకటి జేసి ఇచ్చేటోళ్లం గద" అన్నాను.

"ఏదో ఒకటి జేసేటోని చేతిలనే బండ్లు ఖరాబైతయి సత్తీ" అన్నాడు. చాయ తాగుతూ, కోపం లేకుండా.

ఆ రోజు ఆయన ముసలివాడైపోయాడని అనుకున్నాను.

తొమ్మిది

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి పేరాలో గాలి కొంచెం ఎక్కువ కొట్టాను. నా చేతి మీదుగా పోయిన పాత స్పోర్ట్స్ కార్లు పదకొండు. అందులో ఒకే బండి ఓనర్లు మారి మూడుసార్లు వచ్చింది కాబట్టి తొమ్మిది. ఇటలీ బండి షెడ్డుకు వచ్చిన మాట నిజమే. పంక్చరు వేయించుకుని పోయింది. నవాబుల మోటరుఖానా ఒకటి చూశాను, గేటు బయట నుంచి. కళ్లకు గుడ్డ ఎవరూ కట్టలేదు, కడితే నేను ఎక్కేవాణ్ణి కాదు. కండక్టర్ల సంగతి మీరే ఊహించుకోండి. బతుకంతా నేను చేసింది మామూలు కార్లు, ట్రాలీ ఆటోలు, ఫ్యాక్టరీ వ్యాన్లు.

ఆ తొమ్మిదిలో ఒకదాన్ని మాత్రం నా ఒళ్లు నాకు తెలిసినంతగా ఎరుగుదును. అది బాల్‌రెడ్డి పటేల్ ఎర్ర బండి.

పటేల్ వాళ్లది ఉప్పల్ ఊరే. ఇప్పుడు కాలనీలున్న చోట వాళ్ల నాయన వరి వేసేవాడు. పొలాలు ప్లాట్లయ్యాక అన్నదమ్ములు బిల్డింగులు కట్టారు. ఈయన సికింద్రాబాదులో ఒక ముసలి దొర దగ్గర ఎర్ర రెండు సీట్ల బండి కొన్నాడు. పైన గుడ్డ టాపు, కింద సన్న టైర్లు, తలుపు మీద మోచెయ్యి పెడితే నేల అందేటంత కిందికి. ఆదివారం పొద్దున భార్య సుశీలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఘట్‌కేసర్ దాకా పోయి వచ్చేవాడు. ఆమె తల చుట్టూ చున్నీ కట్టుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని, "పైలంగ, పైలంగ" అంటూ నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటాక, కొత్త రకం వేగం బండ్లు మన రోడ్ల మీదికి రావడం మొదలైంది. కొన్నేళ్లకు పటేల్ కూడా ఒకటి కొన్నాడు. బొంబాయిలో ఒకాయన దగ్గర, వాడిన బండి. వెండి రంగు, టర్బో, జానెడుకు మించిన వెడల్పు టైర్లు. కంపెనీ పేరు రాయను. బండి తప్పు ఏమీ లేదు కాబట్టి రాయను.

పాతది, కొత్తది

మీరు నన్ను ముఖ్యంగా అడిగేది ఇదే కాబట్టి చెబుతాను. రెండు బండ్లనూ ఒకే రోడ్డు మీద, ఒకే పొద్దున నడిపినవాణ్ణి. ఉద్యమం రోజులు. బంద్ కాబట్టి వరంగల్ రోడ్డు ఖాళీ. చౌరస్తాలో కూర్చున్నవాళ్లు మా ఎర్ర బండిని ఆపి, జై తెలంగాణ అనిపించి, ఒక్కొక్కరు ఒక్కసారి సీట్లో కూర్చుని, పోనిచ్చారు. దాన్ని నడిపి తెచ్చి, మళ్లీ వెండి బండి తీసుకుపోయాం.

ఎర్రదానిలో ఎనభై మీద పోతే ప్రాణం నోట్లోకి వస్తుంది. స్టీరింగు రెండు చేతులకూ పని పెడుతుంది. రెండు కార్బురేటర్ల బుసలు సమానంగా ఉన్నాయా లేదా అని రబ్బరు పైపు ముక్క చెవికి పెట్టుకుని విని కుదర్చాలి. వాన వస్తే టాపు కారుతుంది. టైరు జారబోయే ముందు వెన్నుపూసకు తెలుస్తుంది. తెలిశాక ఆపే పని మాత్రం మనదే: బ్రేకు తొక్కి, వదిలి, తొక్కి, వదిలి. ఒకేసారి తొక్కి పట్టావంటే చక్రాలు బిగిసిపోయి బండి చెప్పిన మాట వినదు.

వెండిదానిలో నూట ఇరవై మీద పక్కనున్న మనిషి సోడా తాగవచ్చు. దాని శక్తి ఎర్రదానికి మూడింతలు, బ్రేకు అంతకన్నా ఎక్కువ.

"ఎర్రదాంట్ల పోతుంటే నేను నడుపుతున్న అనిపిస్తది. దీంట్ల పోతుంటే నన్ను ఎవరో మర్యాదగా తీస్కపోతున్నట్టుంది సత్తయ్యా" అన్నాడు పటేల్.

"ఇది బండి కాదు పటేలా, సోఫా" అన్నాను నేను. ఆ మాట షెడ్డులో పదిమందికి చెప్పి నవ్వించాను కూడా.

పాత బండి మనిషిని మంచి డ్రైవరుగా తయారు చేస్తుందని నాలాంటివాళ్లు చెబుతుంటారు. ఇన్నేళ్ల తర్వాత నాకు తోచేది వేరు. పాత బండ్లలో చెడ్డ డ్రైవర్లు ఏం నేర్చుకున్నారో చెప్పడానికి వాళ్లు మన మధ్య లేరు. ఆ బండ్ల తలుపులు బిస్కెట్ డబ్బా రేకంత మందం. నాకు ఎర్ర బండి ఇష్టం, ఇప్పటికీ. కాని నా చెల్లెల్ని ఎక్కించాల్సి వస్తే వెండిదే ఎక్కిస్తాను.

దాన్ని నేను ముట్టకుండా ఉంటే.

రెండు దీపాలు

వెండి బండి కొన్న కొన్ని నెలలకు పటేల్ వచ్చి, గట్టిగా బ్రేకు కొడితే పెడలు గడగడ వణుకుతున్నదని, కింద ఏదో గీకినట్టు సప్పుడు వస్తున్నదని అన్నాడు. నేను చెప్పులు విడిచి ఎక్కాను. నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద లారీల నుంచి ఇసుక రాలే చోటికి పోయి, ఒక్కసారి గట్టిగా తొక్కాను. అరికాలి కింద పెడలు తేనెటీగల తుట్టెలా వణికింది.

నా కాళ్లకు వచ్చిన చదువు ప్రకారం వణికే పెడలంటే గుండ్రం తప్పిన చక్రం. డిస్కులు విప్పి యాదగిరి దగ్గరికి పట్టుకుపోయాను. యాదగిరి మా చెల్లెలి మొగుడు. పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పని.

డిస్కు బిగించి గేజి పెట్టి తిప్పాడు. "వంకర లేదు బావా. సూది కదుల్తలేదు సూడు."

"నీ గేజి ఖరాబైంది."

"పొద్దుగాల గిదే గేజితోని రెండు షాఫ్టులు జేసిన. గేజి మంచిగనే ఉంది. నీ కాలు ఖరాబైనట్టుంది."

"నా కాలు తప్పు జెప్పదు. ఒక పొర తియ్యి."

"మంచిదాన్ని గీకుమంటున్నవ్."

"తియ్యి యాదగిరీ."

తీశాడు. బిగించాను. మళ్లీ ఇసుకలో తొక్కాను. మళ్లీ అదే వణుకు.

అప్పుడు ఉస్తాదులా "నాకు రాదు" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని పటేల్ నన్ను తప్ప ఎవర్నీ బండి ముట్టనివ్వడు. ఆ గొప్ప నాకు కావాలి. ఫ్యూజుల డబ్బా తెరిచి ఒక్కొక్కటే పీకి, ఒక్కోసారి నడిపి చూశాను. ఒక ఫ్యూజు పీకాక వణుకు పోయింది. పెడలు రాయిలా నిలబడింది. దిగి చూస్తే ఇసుక మీద చక్రాలు ఈడ్చుకుపోయిన గీతలు పొడుగ్గా ఉన్నాయి. పాత బండ్ల వెనక ఆ గీతలు ఎన్నోసార్లు చూసినవాణ్ణి. రోగం కుదిర్చాననుకున్నాను.

డాష్‌బోర్డులో రెండు పసుపు దీపాలు వెలిగాయి. ఆర్పడం చేతకాలేదు. నల్ల టేపు గోరంత ముక్కలు కత్తిరించి అద్దం మీద అంటించాను.

పటేల్ వచ్చి కూర్చోగానే వాటినే చూశాడు. "గివేంది సత్తయ్యా?"

"ఉత్త దీపాలు పటేలా. కండ్లల్ల పడుతయని మూసిన."

"పెడలు?"

"తొక్కి సూడుండ్రి."

ముందుకు పోయి, గట్టిగా తొక్కి, వెనక్కి వచ్చాడు. "మస్తు జేసినవ్. బొంబాయోనికి గూడ తెల్వలే ఇది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నా ముఖం ఎలా వెలిగి ఉంటుందో నాకు తెలుసు.

ఇప్పుడు మీకందరికీ తెలిసిందే. ఆ వణుకు రోగం కాదు. దాన్ని ఏబీఎస్ అంటారు. పాత బండిలో మన కాలు చేసే పనిని, తొక్కి వదలడాన్ని, ఆ బండి తనంత తానే, ఏ కాలూ చేయలేనంత తొందరగా చేస్తుంది. చక్రాలు బిగిసిపోకుండా, స్టీరింగు చెప్పిన మాట వినేలా పట్టి ఉంచుతుంది. పని చేస్తున్నానని అది కాలికి చెప్పింది. నేను దాని నోరు మూశాను.

దవాఖానా

వానలు మొదలయ్యాయి. మెట్రో స్తంభాల కోసం రోడ్డు మధ్య తవ్వి, రెండు పక్కలా బురద చేసిన రోజులు. పటేల్, సుశీలమ్మ కాప్రాలో ఆమె చెల్లెల్ని చూసి మధ్యాహ్నం పూట వెండి బండిలో తిరిగి వస్తున్నారు. ఒక ఆటో అడ్డం వచ్చింది. పటేల్ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు, స్టీరింగు తిప్పితే తిరగలేదు. బురద మీద జారుతూ పోయి, సుశీలమ్మ కూర్చున్న వైపు సిమెంటు దిమ్మెకు కొట్టుకుంది. ఆయనకు చెయ్యి గీసుకుపోయింది. ఆమెకు తుంటి ఎముక విరిగింది.

మర్నాడు దవాఖానాకు పోయాను. ఆమె మంచం మీద, ఆయన పక్కన స్టూలు మీద.

"తొక్కి పట్టుకున్న సత్తయ్యా" అన్నాడు. "గీ బండిల తొక్కి వదలొద్దు, గట్టిగ తొక్కి పట్టుమని అమ్మినాయన జెప్పిండు. గట్లనే పట్టిన. ఎర్రదాంట్ల అయితే తొక్కి వదిలి ఆపుకుందును. అరవై దాటినంక కాలుకు అకల్ పోయింది. గామె తుంటి నేనే ఇరగ్గొట్టిన."

అప్పుడు నాకు అర్థమైంది. పూర్తిగా కాదు గాని, వణుకు పోగొట్టింది నేనే అన్నంత వరకు అర్థమైంది.

"రోడ్డు గట్లుంది పటేలా. బురద" అన్నాను.

"బండిల ఏం లేదు కద?" అని సుశీలమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆమే, "సత్తయ్య సూసిన బండి. ఏముంటది" అంది.

బండిని అప్పటికే నా షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. నేరుగా అక్కడికి పోయాను. గ్లవ్‌బాక్సులో దాని పుస్తకం ఉంది. ఒక్కసారి కూడా తీయలేదు. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే, కాని అందులో ఒక బొమ్మ ఉంది: పెడలు మీద పాదం, దాని కింద అలల్లా మూడు గీతలు. చిన్నపిల్లలకు కూడా తెలిసే బొమ్మ.

ఫ్యూజు మళ్లీ పెట్టాను. టేపు ముక్కలు గోటితో గీకుతున్నాను. తలెత్తితే గుమ్మంలో యాదగిరి.

"ఏం తీస్తున్నవ్ బావా?"

"టేపు."

యాదగిరి ఆ రెండు దీపాల చోటు చూశాడు, నా బొటనవేలు చూశాడు. ఫ్యూజు సంగతీ, పుస్తకంలో బొమ్మ సంగతీ నాతో చెప్పించుకుని వెళ్లిపోయాడు.

అయిదు నెలలు గడిచాయి. పటేల్ వెండి బండి అమ్మేశాడు. స్టీరింగు ముట్టడం మానేశాడు. ఎక్కడికి పోవాలన్నా ఆటోలో, అదీ వెనక సీట్లో, ముందుకు చూడకుండా కూర్చునేవాడట. సుశీలమ్మ కర్ర పట్టుకుని లేచింది. ఆమె ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఒక రోజు ఎర్ర బండి తాళంచెవి నాకు పంపించాడు, తుడిచి ఎవరికైనా అమ్మిపెట్టమని. "నా కాలుతోని ఇంకొకల్ని సంపుకోలేను" అని కబురు.

ఆయన కాలు చెయ్యవలసింది చేసింది. ఆ సంగతి భూమి మీద తెలిసింది నాకు, యాదగిరికి మాత్రమే.

ఎర్ర బండిని ఉప్పల్‌లో ఆయన ఇంటికి నడిపించుకుపోయాను. యాదగిరి తోడు వచ్చాడు. వరండాలో నిలబడి మొత్తం చెప్పాను. ఫ్యూజు, టేపు, దీపాలు, పుస్తకంలో బొమ్మ, దవాఖానాలో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. పటేల్ తన కుడికాలి వంక చూసుకుని, "అయితే ఇది మంచిదే" అన్నాడు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. సుశీలమ్మ చాయ ఇచ్చింది. మరుసటి ఆదివారం ఎర్ర బండి ఘట్‌కేసర్ రోడ్డు మీద కనిపించిందని చౌరస్తాలో చెప్పుకున్నారు. ఆమె చున్నీ కట్టుకుని, కర్ర సీటు వెనక పెట్టుకుని, పక్కనే ఉందట.

ఆ తర్వాత పటేల్ బండి నా షెడ్డుకు రాలేదు. బాగున్న బండికి మిస్త్రీ ఎందుకు? తెలంగాణ వచ్చిన ఏడాది నేనూ షెడ్డు మూసేశాను.

మీకు చెప్పేది

చెప్పులు విడిచి నడపండి, తప్పు లేదు. కాని కాలు చెప్పిందానికి అర్థం పుస్తకంలో వెతకండి. వెలిగిన దీపాన్ని ఎప్పుడూ మూయకండి. "ఇది నాకు రాదు" అనే మాట అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకోండి. నాకు నలభై ఏళ్ల పనితనం ఉండీ ఆ మూడు ముక్కలు నోట్లోంచి రాలేదు. కొత్త బండ్లు మనల్ని చిన్నబుచ్చుతాయి. చిన్నబుచ్చనివ్వండి. మన పరువు కంటే పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎముక విలువైనది.

రాసిందంతా మొన్న యాదగిరికి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక అన్న మాటలను అన్నట్టే కింద రాస్తున్నాను. రాయకపోతే తనే వచ్చి మీకు చెబుతానన్నాడు.

"మంచిగనే రాసినవ్ బావా. గేజి నిజమే, టేపు నిజమే. కని వరండాల నిలవడి జెప్పింది నేను. నువ్వు గేటు కాడ ఎర్ర బండి అద్దం తుడుసుకుంట ఆగినవ్, నువ్వు నడువు నేనొస్త అన్నవ్. పటేల్ నీ భుజం మీద చెయ్యి ఎయ్యలే. అంత విని, కాలు సూసుకున్నడు, గది నిజమే. గప్పుడు నన్ను 'సత్తయ్య ఏడి' అనడిగిండు. బయటికొచ్చి సూస్తె బానెట్ మీద గుడ్డ ఉంది, నువ్వు లేవు. నీకని పోసిన చాయ గూడ నేనే తాగిన. బాగున్న బండికి మిస్త్రీ ఎందుకంటవ్. మొకం సూపియ్యనోని కాడికి బండి ఎందుకొస్తది? పటేల్ ఇంక ఉప్పల్లనే ఉన్నడు, ఆమె గూడ ఉంది. గీ కాయితాలు పని నేర్సుకునే పిల్లలకు తర్వాతియ్యి. ముందుగాల గాళ్లింటికి పో."